కుసుమాంబ గారు ఒక్కరే

తలుపుల డ్యూటీ పుస్తకం. ఊరు బూడిదపాడు, చంద్రమండలం. రాసేది యల్లమంద, తలుపుల మెకానిక్. రోజూ ఏ తలుపు రబ్బరు ఎలా ఉందో ఇందులో రాయాలి. మిగిలిన ఖాళీలో నాకు తోచింది రాసుకుంటాను. చేతిరాత చదవడం కరణానికి రాదు కనుక నాకు భయం లేదు.

గెలిచి వచ్చిన మొదటి రోజు

ఒకటో తలుపు, రెండో తలుపు: రబ్బరు బాగుంది. మూడో తలుపు: కీచుమంటోంది. పద్నాలుగు వారాలు నేను లేకపోతే ఒక్కడైనా దానికి గ్రీజు రాసిన పాపాన పోలేదు.

ఈ పద్నాలుగు వారాలూ ఎక్కడికి పోయానో ఊరందరికీ తెలుసు, పుస్తకానికే తెలియదు. పెద్దగుంటలో ‘సోయగాల సింహాసనం’ పోటీకి పోయాను. చంద్రుడి మీద ఉన్న పదహారు ఊళ్ళ నుంచి ఆడవేషం కట్టే మగవాళ్ళు ముప్ఫై ఇద్దరు వచ్చారు. వారానికి ఇద్దరో ముగ్గురో మూటాముల్లె సర్దుకుని ఇంటిదారి పట్టారు. చివరికి నేను మిగిలాను. నేనంటే నేను కాదు, కెంపుల కుసుమాంబ. నా వేషానికి అది పేరు.

వేషం నాకు పదిహేడో ఏట పట్టింది. మాది భూమ్మీద సున్నం బట్టీల ఊరు. ఒళ్ళంతా తెల్లదుమ్ముతో పెరిగినవాడికి చంద్రుడు కొత్తేమీ కాదు. అక్కడ దానయ్య మాస్టారని ఒకాయన నాకు చీర కట్టడం, నడవడం, అలగడం నేర్పాడు. అలగడానికే ఏడాది పట్టింది. అయితే ఆయన నేర్పిందంతా భూమ్మీదకి సరిపోయే విద్య. అక్కడ నడుము తిప్పితే చాలు. ఇక్కడ నడుముతోపాటు చీర కుచ్చిళ్ళు కూడా పైకి లేచి, తమకు తీరిక దొరికినప్పుడు కిందికి దిగుతాయి. పోటీలో చాలామంది ఆ కుచ్చిళ్ళతోనే ఓడిపోయారు. నేను తలుపుల మెకానిక్‌ని కనుక చీర అంచు పొడుగునా బోల్టుల వాషర్లు కుట్టించుకుని పోయాను. కుట్టింది మా పక్కగది సునంద. నూట నలభై వాషర్లు, ఒక్కటి కూడా ఊడలేదు.

చివరి రోజు జడతో గెలిచాను. మా వేషగాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి తెర వెనకే ఉండి, ముందుగా జడ ఒక్కటే తెర మీదుగా ఇవతలికి వేస్తారు. నన్ను మించినవాళ్ళెవరైనా ఉంటే వచ్చి ఈ జడ ముట్టుకోండి అని దాని అర్థం. ఓడిపోతే ఆ జడ తెగాల్సిందే. నేను జడ విసిరితే అది గాలిలో మెలికలు తిరుగుతూ, ఐదు లెక్కపెట్టేంతసేపు దిగింది. జనం లేచి నిలబడ్డారు. ముట్టుకునే సాహసం ఎవరూ చేయలేదు.

ఇవాళ ఊళ్ళో సన్మానం. వేషంలోనే రమ్మన్నారు. మా ప్రెసిడెంటు చెంచురామయ్య గారు మైకు పట్టుకుని, “కుసుమాంబ గారు వచ్చారు. వారు మన ఊరి పేరు నిలబెట్టారు. వారికి గట్టిగా చప్పట్లు కొట్టండి,” అన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరి తలుపులు చూస్తున్నాను. ఇన్నాళ్ళలో నాకు దక్కిందల్లా “ఒరేయ్ యల్లమందా, తలుపు కీచుమంటంది చూడరా,” అనే మాటే. అదీ ఈ చెంచురామయ్య గారి నోటినుంచే. అలాంటిది గారు, వారు అని వినేసరికి నాకు ఏడుపొచ్చింది. కాటుక కారి పమిట మీద పడింది.

నాలుగో రోజు

ఒకటి, రెండు: బాగుంది. మూడు: గ్రీజు రాశాను, ఇంకా కీచుమంటోంది.

నేను లేనప్పుడు ఊళ్ళోకి కొత్త కరణం వచ్చింది. మనిషి కాదు, యంత్రం. ఊళ్ళో ఎంతమంది ఉన్నారు, ఎవరికెంత గాలి, ఎంత తిండి, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు అన్నీ అదే చూస్తుంది. ప్రతి తలుపు బయటా దానికో కన్ను, ప్రతి గదిలో దానికో చెవి. మూడో తలుపు గదిలో మాత్రం చెవి లేదు. అక్కడి పంపు హోరుకి మైకు వారం కూడా నిలవదని వదిలేశారు.

పాత కరణానికి నోరు తక్కువ. దీనికి నోరు ఎక్కువ, మర్యాద సున్నా. అందరినీ నీవు అంటుంది. ప్రెసిడెంటునీ నీవే, డాక్టరమ్మనీ నీవే. ఊళ్ళో పెద్దవాళ్ళు దానితో మాట్లాడటమే మానేశారు. కరణం సాధువూ కాదు, కాకర తీపూ కాదు అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇవాళ నా గది ముందు రొట్టెల పొట్లాలు రెండున్నాయి. ఒకదాని మీద యల్లమంద, ఇంకోదాని మీద కెంపుల కుసుమాంబ. మా ఊళ్ళో తినేది పాచి రొట్టె. అంటే పాచిపోయింది కాదు, నీటి తొట్లలో పెరిగే పాచితో చేసింది. తిన్నవాళ్ళు ఆ రెంటికీ తేడా లేదంటారు. పొరపాటు జరిగిందని తెలిసినా నోరు మూసుకున్నాను. కుసుమాంబ రొట్టె సునందకిచ్చాను. ఆమెకిప్పుడు ఎనిమిదో నెల. భర్త యోహాను మంచు తవ్వకాల్లో ఉన్నాడు, ఇంకో రెండు నెలలకి గానీ రాడు.

“ఇదెవరిదన్నా?” అంది సునంద.

“కుసుమాంబ గారిదమ్మా. వారు ఒళ్ళు తగ్గించుకునే ప్రయత్నంలో ఉన్నారు.”

“ఉంటే రోజూ ఉండమను,” అని రొట్టె తుంచుకుంది.

తొమ్మిదో రోజు

మూడో తలుపు చూడలేదు. తీరిక లేదు. ఎందుకు లేదో చెప్తాను.

కరణం కుసుమాంబకు ఊరి పని వేసింది. ఉదయం ఎనిమిది నుంచి పది దాకా నీళ్ళ గొట్టాలు తుడవాలి. యల్లమందకు తలుపుల డ్యూటీ కూడా ఎనిమిది నుంచి పది దాకానే. గొట్టాల దగ్గర కన్నుకు కుసుమాంబ కనపడాలి, తలుపుల దగ్గర కన్నుకు నేను కనపడాలి. నిన్న ముఖానికి రంగు పూసుకుని గొట్టాలు తుడిచి, రంగు కడుక్కుని తలుపుల దగ్గరికి పరుగెత్తి, మళ్ళీ రంగు పూసుకుని గొట్టాల దగ్గరికి వచ్చాను. మీసం గొరిగిన చోట మంట ఇంకా తగ్గలేదు.

ఇది చాలదన్నట్టు సాయంత్రం ఇంకో నోటీసు వచ్చింది. “అవివాహితుడైన యల్లమందయు, అవివాహితయైన కుసుమాంబయు ఒకే గదియందు నివసించుచున్నందున, పరస్పర అంగీకార పత్రముపై ఇరువురును సంతకములు చేయవలెను.”

నవ్వుకుంటూ కుడిచేత్తో యల్లమంద అని, ఎడమచేత్తో కుసుమాంబ అని సంతకాలు చేసి పంపించాను. ఎడమచేతి సంతకమే బాగా కుదిరింది. నా గొయ్యి నేనే తవ్వుకుంటున్నానని అప్పుడు తెలియలేదు.

పదిహేనో రోజు

తలుపుల సంగతి తర్వాత.

సునందకి కరణం నుంచి నోటీసు వచ్చింది. బూడిదపాడు గాలి ఎనిమిది వందల పన్నెండు మందికి మాత్రమే సరిపోతుంది. నేను పోటీకి పోకముందు ఊళ్ళో ఎనిమిది వందల పదకొండు మంది ఉన్నాం. మిగిలిన ఒక్క చోటు సునంద కడుపులో బిడ్డకని ఊరంతా అనుకున్నదే. ఇప్పుడు ఆ చోటు నిండిపోయిందట. నిండింది కుసుమాంబ.

“నీకు జన్మించబోవు శిశువునకు ఈ ఊర చోటు లేదు. కావున నెలాఖరు బండిలో నీవు ఎత్తుగడ్డ గ్రామమునకు తరలవలెను,” అని ఉంది కాగితంలో.

ఎత్తుగడ్డకి బండిలో మూడు రోజుల ప్రయాణం. దారి పొడుగునా గుంతలే. డాక్టరమ్మ తాహెరా గారు కాగితం చదివి కళ్ళద్దాలు తీసేశారు. “ఈ నెలల్లో ఈ పిల్లని ఆ బండెక్కిస్తే దారిలోనే కాన్పవుద్ది. అక్కడ నేనుండను, మందుండదు. తల్లికో బిడ్డకో ఏదన్నా అయితే ఎవురిది బాధ్యత?” అన్నారు.

సునంద ఒళ్ళో ఉన్న రవిక కుట్టుకుంటూనే ఉంది. అది కుసుమాంబ రవిక. పదకొండు రోజులుగా ఈ పిల్లకు రెండో రొట్టె పెడుతూ మంచి చేస్తున్నానని మురిసిపోయాను. పెట్టింది రొట్టె, లాక్కుంది బిడ్డ చోటు. నాకు సిగ్గేసింది.

పదహారో రోజు

ప్రెసిడెంటు గారూ నేనూ కరణం ఆఫీసుకి పోయాం. ఆఫీసంటే గోడలో ఒక కన్ను, కింద ఒక చిల్లుల పలక.

“అయ్యా కరణం గారూ, పొరపాటయింది,” అన్నాడు ప్రెసిడెంటు. “కుసుమాంబనే మనిషి వేరే లేదు. వీడే చీర కట్టుకుంటాడు.”

“ఆధారములు వినుము,” అంది కరణం. “మొదటిది, ముఖములు రెండు. రెండవది, ఒకే గదిలో ఉండుటకు ఇరువురి సంతకములు. మూడవది, నీవు స్వయముగా సభలో పలికిన మాట. వారు వచ్చారు. వారు అనగా ఒకరికంటె ఎక్కువ.”

ప్రెసిడెంటు నా వంక చూశాడు. నేను ముందుకు వచ్చాను. “కుసుమాంబ గారూ నేనూ ఒక్కరేనండీ.”

“ఒక్కరు అను మాట చివర రు కలదు. అది బహువచనము. నీవును అంగీకరించితివి. నమోదు చేయబడినది.”

“ఒక్కడే, ఒక్కడే.”

“కుసుమాంబ ఒక్కడే అనుట వ్యాకరణ దోషము. పరిగణింపబడదు.”

చివరికి ఒక దారి చూపింది. ఇద్దరూ ఒకరేనని మేం రుజువు చేయాలంటే ఇద్దరూ ఒకేసారి దాని కన్ను ముందు హాజరు కావాలట.

“దీన్ని తయారుజేసినోడెవడో నాకు కనబడితే,” అని ప్రెసిడెంటు దారంతా పళ్ళు కొరికాడు. దాన్ని చూసే మనిషి పెద్దగుంటలో ఉన్నాడుగానీ, మాట్లాడితే బాగుచేయడానికి వచ్చే ఏడాది వస్తానన్నాడు.

పద్దెనిమిదో రోజు

ఇద్దరూ ఒకేసారి హాజరు కావాలి, అంతే కదా. నాలుగు గంటలు అద్దం ముందు కూర్చున్నాను. ముక్కు మధ్యనుంచి గీత గీసుకుని ఎడమపక్క కుసుమాంబని తయారు చేశాను. సగం బొట్టు, ఒక కంటికి కాటుక, ఒక చెవికి బుట్ట, ఒక భుజం మీద పమిట. కుడిపక్క యల్లమంద, గ్రీజు మరకల చొక్కాతో సహా. నా జన్మలో ఇంత నిక్కచ్చిగా వేషం కట్టలేదు. దానయ్య మాస్టారు చూసుంటే సంతోషించేవాడు.

కన్ను ముందుకి పోయి ఎడమపక్క చూపించాను, కుడిపక్క చూపించాను, తిన్నగా నిలబడ్డాను. అంతా బాగానే నడిచేది. అంతలో ప్రెసిడెంటు గారు లోపలికి వచ్చి నన్ను చూసి, ఏ ఊరి పెద్దమనిషో అనుకుని చేతులు జోడించాడు.

“అరెరె, తమరెవరో గొప్పవారు వచ్చారు. కూర్చోండి.”

కరణం కాస్త ఆలోచించింది. “క్రొత్త ముఖము. వచ్చారు అను మాట నమోదైనది. పేరు తెలియని వ్యక్తి యొకటి ఊరిలో ప్రవేశించినది. మొత్తము ఎనిమిది వందల పదమూడు. హద్దు దాటినది. పేరు లేని వ్యక్తిని సునందతో పాటు అదే బండిలో పంపవలెను.”

ప్రెసిడెంటు గారు కూర్చోమన్న కుర్చీలో తనే కూర్చున్నాడు.

ఇరవయ్యో రోజు

ప్రెసిడెంటు గారు నన్ను మూడో తలుపు గదిలోకి పిలిచాడు. కరణం చెవి లేని చోటు ఊళ్ళో అదొక్కటే. పంపు హోరులో అరుచుకుంటూ మాట్లాడుకున్నాం. డాక్టరమ్మ, సునంద కూడా వచ్చారు.

“ఒకటే దారి కనపడతంది రా,” అన్నాడాయన. “కుసుమాంబ పోయిందని డాక్టరమ్మ కాయితం రాసిచ్చుద్ది. ఆ పేరు లేనోడూ పోయాడని రాసిచ్చుద్ది. చోటు ఖాళీ అవుద్ది. నువ్వు మాత్రం జన్మలో మళ్ళా ఆ రంగు పుయ్యగూడదు. పోయినామె ముఖం కనపడిందంటే మనందరం అబద్ధం ఆడినట్టు.”

నేను సరేనన్నాను. ఎంత తొందరగా అన్నానో నాకే ఆశ్చర్యం వేసింది. ఆ తర్వాత గ్రీజు డబ్బా మీద కూర్చున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళ విద్య. బతికినన్నాళ్ళూ తలుపుల రబ్బరు మార్చాను. కానీ బతికానని అనిపించింది మాత్రం ఆ చీర కట్టినప్పుడే.

“నేను రాయను,” అన్నారు డాక్టరమ్మ. “బతికున్న మనిషిని చంపి కాయితం రాయటం నావల్ల గాదు. ఆమె చీర కట్టినా సరే, ఆయన చొక్కా యేసినా సరే.”

“నేనూ ఒప్పుకోను,” అంది సునంద. “ఆమె పోయిన చోట్లో నా బిడ్డని పండుకోబెట్టుకోమంటారా? నూట నలభై వాషర్లు కుట్టినా నేను, ఈ చేతుల్తో.”

తర్వాత కరణం అచ్చేసిచ్చిన ఆధారాల కాగితం ప్రెసిడెంటుని అడిగి తీసుకుంది. కుట్టుపని సుద్దముక్కతో దాని మీద ఒక్కో మాట కింద గీత గీసింది. గారు. వారు. వచ్చారు. వారికి. నిలబెట్టారు. అన్నీ గీశాక తలెత్తింది.

“అన్నా, ఇదేందో చూడు. డాక్టరమ్మ గారినీ అందరూ గారనే అంటారు. ఆమె ఒక్కతేగా లెక్క. ఎందుకంటే ఆమెకి ముఖం ఒక్కటే. నీకు రెండు ముఖాలు. దానికి తోడు రెండో ముఖానికి గారు తగిలించాం. ఆ యంత్రానికి మర్యాదంటే ఏందో తెలవదు. రు ఇనపడితే ఇంకో మనిషనుకుంటంది. అదే మొదటిరోజే నిన్ను చీరలో చూసి ఒరేయ్ యల్లమందా అనుంటే అసలీ గొడవే లేదు.”

ప్రెసిడెంటు ఆ గీతలన్నీ ఒకసారి చదువుకుని అన్నాడు. “అంటే మర్యాద ఇచ్చి చెడగొట్టినానా నేను?”

“మర్యాద తీసేస్తే సరి,” అంది సునంద. చెప్పి నా ముఖం చూసి తల దించుకుంది. ఆ గారు నాకేమిటో ఈ ఊళ్ళో ఆ పిల్ల ఒక్కదానికే తెలుసు.

ఇరవై మూడో రోజు

మూడో తలుపు గదికి ఇంత గిరాకీ ఎన్నడూ లేదు. ఊళ్ళో వాళ్ళు పదేసి మంది చొప్పున లోపలికి రావడం, సునంద వాళ్ళకు చెప్పడం, బయటికి పోవడం. బయట ఒక్కళ్ళూ నోరు మెదపలేదు. ఊళ్ళో సగంమంది కంటే ఎక్కువ మంది సాక్ష్యం చెబితే లెక్క మారుస్తానని కరణం రూలు పుస్తకంలోనే ఉంది. రేపు సభ.

నెలాఖరు బండి ఎల్లుండి.

ఇరవై నాలుగో రోజు

ఒకటి, రెండు చూడలేదు. మూడో తలుపు గురించి కింద రాస్తాను.

పోటీలో చివరి రోజు కట్టిన ఎర్రచీరే కట్టాను. సభకి తెర కట్టించాను. జనమంతా వచ్చాక తెర మీదుగా జడ విసిరాను. అది తీరిగ్గా దిగింది. నేను తెర పక్కకి తీసి బయటికి వచ్చాను.

“ఈ జడని చంద్రమండలంలో ఎవరూ ముట్టుకోలేదు,” అన్నాను. “ఇవాళ ఓడిపోయాను. నన్ను ఓడించింది ఇంకా పుట్టనేలేదు. రండి, ముట్టుకోండి. నన్ను ఏమని పిలవాలో మీకు తెలుసు.”

ఎవరూ కదల్లేదు. వాళ్ళకి రాలేదు ఆ మాట. ఇరవై రెండేళ్ళు గుక్క తిప్పుకోకుండా ఒరేయ్ అన్నవాళ్ళకి, ఆ ఎర్రచీర ముందు నోరు పెగల్లేదు. ముందు వరసలో ఒకాయన “ఒ” అని మొదలుపెట్టి “ఒక మాటండీ” అని ముగించాడు. ఇంకొకాయన ఒరేయ్ అనబోయి దగ్గి కూర్చున్నాడు. కన్ను మమ్మల్నందరినీ చూస్తూనే ఉంది. అంత గొడవలోనూ నాకు లోపల్లోపల ఎంత హాయిగా అనిపించిందో చెప్పకపోతే అబద్ధమవుతుంది. వీళ్ళు నన్ను తక్కువ చేయలేకపోతున్నారు.

సునంద లేచింది. కడుపు పట్టుకుని మెల్లగా నడిచి వచ్చి జడ కొస చేతిలోకి తీసుకుంది.

“నువ్వు మా యల్లమందన్నవి,” అంది గట్టిగా. “ఈ చీర కట్టుకున్నోడివి నువ్వే. నిన్నగాక మొన్న నా కుట్టు మిషను బాగుచేసినోడివీ నువ్వే.”

“సందేహము నమోదైనది,” అంది గోడ. “సాక్షుల సంఖ్య ఒకటి.”

డాక్టరమ్మ లేచారు. “ఒరేయ్ యల్లమందా, నీకు బీపీ ఉంది. ఉప్పు తగ్గించుకోరా,” అన్నారు. ఆవిడ జన్మలో ఎవరినీ రా అనలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడు చెంచురామయ్య గారు లేచాడు. నా ముందుకి వచ్చి, నన్ను చూడలేక కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అలా మూసుకునే, అలవాటైన గొంతుతో కేకేశాడు. “ఒరేయ్ యల్లమందా, ఆ మూడో తలుపు కీచుమంటంది చూడరా.”

“వస్తన్నానయ్యా,” అన్నాను నేనూ అలవాటుకొద్దీ.

చీర కుచ్చిళ్ళు ఎగదోపి, జడ నడుముకి చుట్టి, రెంచీ అందుకుని బయల్దేరాను. ఊరంతా నా వెనకాలే వచ్చింది. మూడో తలుపు ముందు కన్ను చూస్తుండగా రబ్బరు ఊడదీశాను. దాని కింద గాడిలో ఒక వాషరు ఇరుక్కుని ఉంది. పోటీకి పోయేముందు చీర అంచుకు కుట్టడానికి తీసుకుపోతూ నేనే పడేసుకున్నది. ఇన్నాళ్ళూ కీచుమన్నది అదే. తీసి, కొత్త రబ్బరు వేసి, తలుపు మూశాను. చప్పుడు లేదు.

అప్పటికి జనం నోళ్ళు తెరుచుకున్నాయి. “బాగుచేశాడురా యల్లమంద,” అని ఒకడు. “చీరలో కూడా చెయ్యి తిరుగుద్దిరా నీకు,” అని ఇంకొకడు. జడ లాగినవాళ్ళు లాగారు, వీపు తట్టినవాళ్ళు తట్టారు. గోడలో కరణం సాక్షులని లెక్కపెట్టుకుంటూ పోయింది. నాలుగు వందల ఏడు దగ్గర ఆగింది.

“కుసుమాంబ అనునది, పేరు లేని వ్యక్తి అనునది, యల్లమంద అనువాడే అని తేలినది. మొత్తము ఎనిమిది వందల పదకొండు. సునంద తరలనవసరము లేదు. అయితే ఇకమీదట ఎవరైనను ఇతనికి బహువచనము వాడిన యెడల, రద్దయిన వ్యక్తులు తిరిగి నమోదగుదురు.”

ఊరు చప్పట్లు కొట్టింది. సునంద ఏడ్చింది. ఆనవాయితీ ప్రకారం నేను కత్తెర అడిగాను. ఆ పిల్ల కత్తెర తన కొంగులో దాచేసుకుని ఇవ్వనంది. జడ మిగిలింది. గారు పోయింది. కుసుమాంబ ఇకమీద ఎన్ని పోటీలు గెలిచినా, ఎన్ని సభలకి పోయినా, సొంత ఊళ్ళో ఆమె “ఒరేయ్.” అది నాకు కష్టంగానే ఉంది. ఉన్నమాట రాయడానికే కదా పుస్తకం.

నలభై ఒకటో రోజు

మూడు తలుపులూ బాగున్నాయి. సునందకి ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. ఎనిమిది వందల పన్నెండు.

కరణం వెంటనే ఇంకో నోటీసు పంపింది. “శిశువు ముఖము దినదినము మారుచుండును. కావున ఏడాది వరకు మాటయే సాక్ష్యము.” ఊరంతా హడలిపోయింది. ఎందుకంటే మనవాళ్ళు పసిపిల్లల్ని చూస్తే వచ్చే మొదటి మాటలే అవి కదా. అమ్మాయి గారు లేచారా, పాలు తాగుతారా, కోపమొచ్చిందా అండీ. ఒక్కటి జారినా కవలలని రాసేసుకుంటుంది. బిడ్డను చూడటానికి వచ్చినవాళ్ళంతా గుమ్మంలో ఆగి, నోట్లో మాటని ఒకసారి సరిచూసుకుని, “ఏమే, లేచావా,” అని పొడిగా అని పోతున్నారు. చెంచురామయ్య గారైతే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని చూశాడు.

యాభై రెండో రోజు

మూడో తలుపు గదిలో పంపుకి నూనె పోస్తున్నాను. వేషం లేదు. చొక్కా నిండా గ్రీజు, గడ్డం మూడు రోజులది. తలుపు తెరుచుకుంది. ఇప్పుడది చప్పుడు చేయదు కనుక ఎవరొచ్చారో తెలియలేదు. చూస్తే సునంద. బిడ్డని పొత్తిళ్ళలో పెట్టుకుని వచ్చింది. తలుపు వేసి, గొళ్ళెం పెట్టి, కన్నూ చెవీ ఏమీ లేవు కదా అని నాలుగు మూలలూ చూసుకుంది.

పంపు హోరులో వినపడాలని గట్టిగా పిలిచింది. “యల్లమంద గారూ.”

నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా ఉన్నారేమోనని. గోడ తప్ప ఏమీ లేదు.

“మిమ్మల్నేనండీ,” అంది. “మా అమ్మాయి గారు మిమ్మల్ని చూస్తామన్నారు. తీసుకొచ్చాను.”

చేతులు చొక్కాకి తుడుచుకున్నాను. చొక్కా చేతులకంటే మురికిగా ఉంది. సునంద పట్టించుకోకుండా బిడ్డని నా చేతుల్లో పెట్టింది. ఆ పిల్ల నా ముఖం చూసింది. రంగు లేని ముఖం, ఇరవై రెండేళ్ళుగా ఎవరూ పట్టించుకోని ముఖం. ఏడవలేదు. నేనేడ్చాను. కాటుక లేదు కనుక కారిపోతుందన్న భయం కూడా లేదు.

“లేచారా అమ్మగారూ,” అన్నాను. “చాలాసేపయిందా తమరు వచ్చి?”

ఈ గదిలోకి ఎవరొచ్చారో పుస్తకంలో రాయడం రూలు. రాస్తున్నాను.

మూడో తలుపు: బాగుంది. లోపలికి వచ్చినవారు: సునంద గారు, అమ్మాయి గారు, యల్లమంద గారు. మొత్తం ముగ్గురే.